రీకాల్ అయిన వస్తువు ఏ షాపులో అమ్మారో తెలుసుకోవడం ఎలా? అమెరికాలోని తెలుగువారి కోసం

2024 మార్చి మొదటి వారంలో మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఒకటే గోల. కొన్ని దాల్చినచెక్క పొడుల్లో సీసం ఉందని ఆహార, ఔషధాల సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఏ బ్రాండ్ అని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగిలినవాళ్ళంతా అడిగింది "ఏ షాపులో?" అనే. అందులో వింతేమీ లేదు. పొడిని సీసాలో పోసుకుని ప్యాకెట్ పారేస్తాం. ఆ తర్వాత బ్రాండ్ గుర్తుండదు, కొన్న చోటు గుర్తుంటుంది.

ఆ ప్రకటనలో షాపుల పేర్లు ఉన్నాయి కూడా. స్వాద్ పొడి పటేల్ బ్రదర్స్‌లో, సుప్రీమ్ ట్రెడిషన్ పొడి డాలర్ ట్రీ, ఫ్యామిలీ డాలర్ దుకాణాల్లో, మార్కమ్ పొడి సేవ్ ఎ లాట్‌లో అమ్మారని ఒక పట్టికలో వరుసగా రాసి ఉంది. గుంపులో తిరిగిన ఫొటోలో మాత్రం ఆ పట్టిక సగానికి తెగిపోయింది. చివరికి పసిపిల్లలున్న తల్లులు కొందరు ఇంట్లోని మసాలాలన్నీ చెత్తబుట్టలో పోశారు. మరికొందరు "మన షాపు పేరు రాలేదులే" అనుకుని ఊరుకున్నారు. నన్ను ఎక్కువగా భయపెట్టింది ఈ రెండోవాళ్ళే. షాపు పేరు రాకపోవడానికి అమెరికాలో చాలా కారణాలుంటాయి. ఆ షాపులో అమ్మలేదన్నది వాటిలో ఒకటి మాత్రమే.

అందుకే ఒక వస్తువు రీకాల్ అయితే, అంటే ప్రమాదముందని అమ్మినదాన్ని వెనక్కి తీసుకుంటుంటే, షాపుల జాబితా ఎక్కడ దొరుకుతుందో, దొరకని చోట ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు వరుసగా రాస్తున్నాను.

ముందు వస్తువును చేతిలోకి తీసుకోండి

వెతకడం షాపుతో మొదలుపెట్టకండి, వస్తువుతో మొదలుపెట్టండి. ఒకే షాపులో ఒకే అరలో పక్కపక్కనే ఉన్న రెండు ప్యాకెట్లలో ఒకటి రీకాల్‌లో ఉండవచ్చు, రెండోది ఉండకపోవచ్చు. తేడా చెప్పేది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకుకు వేసే గుర్తు), మోడల్ నంబరు, తయారీ తేదీ.

ఇవి మనం చూసే చోట ఉండవు. క్రాక్‌పాట్ ఆరు క్వార్టుల ఎక్స్‌ప్రెస్ కుక్కర్ సంగతే తీసుకోండి. మూత సరిగా బిగుసుకోకపోయినా లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి, మూత ఒక్కసారిగా ఎగిరిపోతోందని 2020 నవంబరులో 9 లక్షలకు పైగా కుక్కర్లను రీకాల్ చేశారు. అప్పటికే 99 మందికి కాలిన గాయాలయ్యాయి. 2017 జులై నుంచి 2018 అక్టోబరు 1 మధ్య తయారైనవే ఆ రీకాల్ కిందికి వస్తాయి. మరి ఆ తేదీ ఎక్కడుంటుంది? ఒకటి కుక్కర్ అడుగున. రెండోది, గోడలోని సాకెట్‌లో దూర్చే ప్లగ్గు రేకు మీద. ప్లగ్గును పీకి, ఫోను టార్చి వెలుగులో ఆ ఇత్తడి రంగు రేకును ఏటవాలుగా తిప్పి చూస్తే సన్నగా చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. రోజూ పట్టుకునే వస్తువే అయినా ఆ రేకు మీద రాత ఉంటుందని మనకు తోచదు.

తిండి సరుకులైతే ప్యాకెట్ అతుకు దగ్గర, సీసా మెడ కింద, డబ్బా అడుగున చూడండి. సిరాతో కొట్టిన లాట్ నంబరు నూనె చేయి తగిలితే చెరిగిపోతుంది. కాబట్టి పొడిని సీసాలో పోసే ముందే ప్యాకెట్‌కు రెండు వైపులా ఫొటో తీయండి. మా ఇంట్లో నేను ప్యాకెట్‌పై ఆ నంబరున్న ముక్కను కత్తిరించి సీసా మూత లోపల అతికిస్తాను. అర నిమిషం పని.

మాంసం, కోడి మాంసం ప్యాకెట్ల మీద వ్యవసాయ శాఖ తనిఖీ ముద్ర ఉంటుంది. అందులో ఈఎస్‌టీ అనో, కోడి మాంసమైతే పీ అనో అక్షరాలు, వాటి పక్కన ఒక నంబరు కనిపిస్తాయి. అది తయారైన ప్లాంటు నంబరు. బ్రాండ్లు వేరైనా ప్లాంటు ఒకటే కావచ్చు. రీకాల్ ప్రకటనలో ఉండేది ఆ నంబరే.

ఆ వస్తువు ఎవరి కిందికి వస్తుంది?

అమెరికాలో రీకాళ్ళన్నీ ఒకే చోట నుంచి రావు. కుక్కర్లు, ఉయ్యాలలు, బొమ్మలు, హీటర్లు, కుర్చీలవంటి ఇంటి వస్తువులు వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ సీపీఎస్‌సీ కిందికి వస్తాయి. మాంసం, కోడి మాంసం వ్యవసాయ శాఖలోని ఆహార తనిఖీ విభాగం ఎఫ్‌ఎస్‌ఐఎస్ చూస్తుంది. మిగిలిన తిండి దాదాపు అంతా, మందులు, సౌందర్య సామగ్రి ఎఫ్‌డీఏవి. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే రీకాల్స్ డాట్ గవ్ నుంచి అన్నింటికీ దారి ఉంది.

ఏ సంస్థ అన్నది ఎందుకు ముఖ్యమంటే, షాపుల పేర్లు చెప్పడంలో ఈ మూడింటిదీ మూడు దారులు.

ఇంటి వస్తువులైతే పని సులువు

సీపీఎస్‌సీ సైటులో వస్తువు పేరు కొట్టి రీకాల్ పేజీ తెరవండి. పైనున్న ఫొటో, ప్రమాదం వివరాలు దాటి కిందికి వెళ్ళితే "సోల్డ్ ఎట్" అనే వరుస ఉంటుంది. అందులో మూడు సంగతులుంటాయి: ఎక్కడ అమ్మారు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎంత ధరకు.

చాలామంది షాపు పేరు చదివి పేజీ మూసేస్తారు. మిగిలిన రెండూ కూడా చదవండి. 2025 మే నెలలో 18 లక్షల నింజా ఫూడీ ఓపీ300 కుక్కర్లు రీకాల్ అయ్యాయి. ఒత్తిడి ఇంకా ఉండగానే మూత తెరుచుకుని వేడి పదార్థం మీద పడుతోందని. వాల్‌మార్ట్, కాస్ట్‌కో, శామ్స్ క్లబ్, అమెజాన్, టార్గెట్‌లలో 2019 జనవరి నుంచి 2025 మార్చి వరకు సుమారు 200 డాలర్లకు అమ్మారని అందులో ఉంది. మీ కుక్కర్ ఇంటికొచ్చింది 2018 దీపావళికైతే అది ఈ రీకాల్ కిందికి రాకపోవచ్చు, అయినా మోడల్ నంబరు చూడండి. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చినదైతే షాపు ఏదో మీకు తెలియదు, అయినా వచ్చిన సంవత్సరం గుర్తుంటుంది. ఆ సంవత్సరమే మీకు ఆధారం.

ఇంకో జాగ్రత్త. ఆ వరుసలో పెద్ద గొలుసు దుకాణాల పేర్లు రాసి, చివర "దేశవ్యాప్తంగా ఇతర దుకాణాల్లోనూ" అని కలుపుతుంటారు. ఆ ఇతర దుకాణాల్లో మీ వీధి చివరి షాపు ఉండవచ్చు. పేరు లేదని నిశ్చింతగా ఉండకుండా మోడల్ నంబరు సరిచూడండి.

సైటుతో ఇబ్బంది పడే పెద్దవాళ్ళుంటే 800-638-2772కు ఫోను చేసి మోడల్ నంబరు చెప్పవచ్చు. అది సీపీఎస్‌సీ ఉచిత నంబరు.

మాంసానికి జాబితా ఉంది, కానీ కొన్ని రోజులు ఆగాలి

ఈ మూడింటిలో షాపుల పేర్లు, అవి ఎక్కడున్నాయో చెప్పడం నియమంగా పెట్టుకున్న సంస్థ ఎఫ్‌ఎస్‌ఐఎస్. 2008 ఆగస్టు నుంచి ఈ నియమం అమల్లో ఉంది. అయితే ఇది ఆరోగ్యానికి తీవ్రమైన హాని లేదా ప్రాణాపాయం ఉండవచ్చని తేల్చిన మొదటి తరగతి రీకాళ్ళకే వర్తిస్తుంది. ఆ రీకాల్ పేజీలోనే చిల్లర దుకాణాల జాబితా జతచేస్తారు.

ఆ జాబితా రీకాల్ రోజునే రాదు. సరుకు ఎవరి నుంచి ఎవరికి చేరిందో అధికారులు కూపీ లాగుతూ పోతుంటే, కొన్ని రోజుల తర్వాత జాబితా పెడతారు. పెట్టాక కూడా కొత్త షాపులు చేరుస్తూ ఉంటారు. మొదటి రోజు చూసి "మన ఊరు లేదు" అనుకుంటే పొరపాటు. వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాతి వారం ఇంకోసారి చూడండి. ఈలోగా ఫ్రీజర్‌లో ఉన్న ప్యాకెట్‌ను వండకుండా కవరులో కట్టి పక్కన పెట్టండి. హోటళ్ళు, క్యాటరింగువాళ్ళు ఈ జాబితాలో ఉండరు. ఫంక్షన్‌కు బయట వంట చెప్పి ఉంటే వాళ్ళనే నేరుగా అడగాలి.

మసాలాలు, పప్పులు, పసిపిల్లల ఆహారం: అసలు చిక్కు ఇక్కడే

మన వంటింట్లో ఉండేవి చాలావరకు ఎఫ్‌డీఏ కిందివే. షాపుల పేర్లు బయటపెట్టడంలో వెనకబడి ఉన్నదీ ఆ సంస్థే. ఏ కంపెనీ సరుకు ఏ దుకాణానికి పంపిందన్నది వ్యాపార రహస్యం అని చాలా ఏళ్ళు పాటించారు. 2018 సెప్టెంబరులో ఒక ముసాయిదా మార్గదర్శకం తెచ్చారు. ప్రమాదం తీవ్రమైనదై, ప్యాకింగు చూసి గుర్తుపట్టలేని సరుకైతే షాపుల జాబితా ఇవ్వవచ్చన్నారు. విడిగా తూచి అమ్మే జున్ను, లేబుల్ లేని కూరగాయల వంటివన్నమాట. అంతకుముందుకంటే మెరుగే. కానీ దాల్చినచెక్క పొడికి పట్టిక ఇచ్చినట్టు ప్రతిసారీ ఇవ్వరు. పొడిని సీసాలో పోసుకునే ఇల్లాలికి బ్రాండున్న ప్యాకెట్ కూడా రెండో రోజుకల్లా విడి సరుకే అవుతుంది. ఆ సంగతి ఆ నియమం రాసినవాళ్ళకు ఎవరైనా చెప్పాలని నా కోరిక.

జాబితా ఇవ్వనప్పుడు ఈ దారులు చూడండి.

మొదట బ్రాండ్ పేరునే తరచి చూడండి. కొన్ని బ్రాండ్లు షాపుల సొంతం. కిర్క్‌ల్యాండ్ అంటే కాస్ట్‌కో, గ్రేట్ వాల్యూ అంటే వాల్‌మార్ట్, అప్ అండ్ అప్ అంటే టార్గెట్. 2023 అక్టోబరులో 26 రకాల కంటి చుక్కల మందులు వాడవద్దని ఎఫ్‌డీఏ హెచ్చరించినప్పుడు అవన్నీ తయారైంది ముంబయి దగ్గరి ఒకే కంపెనీలో. వాటిలో చాలావాటిని అమ్మింది మాత్రం సీవీఎస్, రైట్ ఎయిడ్, టార్గెట్ వంటి దుకాణాల సొంత పేర్లతో. అలాంటప్పుడు లేబులే షాపు చిరునామా.

రెండోది, ఎఫ్‌డీఏ వారం వారం ప్రచురించే ఎన్‌ఫోర్స్‌మెంట్ రిపోర్ట్. పత్రికా ప్రకటన రాని రీకాళ్ళు కూడా ఇందులో ఉంటాయి. ఒక్కో రీకాల్ తెరిస్తే లాట్ నంబర్లతో పాటు పంపిణీ వివరం అనే గడి ఉంటుంది. షాపు పేరు ఉండకపోయినా రాష్ట్రాల పేర్లు ఉంటాయి. టెక్సాస్, న్యూజెర్సీ అని మాత్రమే ఉండి మీరు ఒహాయోలో ఉంటే కొంత ఊరట. కొంత అని ఎందుకంటున్నానంటే, న్యూజెర్సీ టోకు వ్యాపారి దగ్గర సరుకు తెచ్చుకునే షాపులు చుట్టుపక్కల రాష్ట్రాల్లో చాలా ఉంటాయి.

మూడోది, మీ రాష్ట్రం. కాలిఫోర్నియా ప్రజారోగ్య శాఖ కొన్ని రీకాళ్ళకు దుకాణాల జాబితాలు తానే పెడుతుంది. న్యూయార్క్ వ్యవసాయ, మార్కెట్ల శాఖ మన మసాలాలను పరీక్షించి, సీసం కనిపిస్తే హెచ్చరికలు జారీ చేస్తుంది. ఎఫ్‌డీఏ పేజీలో దొరకని సంగతి రాష్ట్రం పేజీలో దొరికిన సందర్భాలు నేను చూశాను.

నాలుగోది, రీకాల్ ప్రకటన చివర కంపెనీ ఇచ్చే ఫోను నంబరు. మొహమాటపడకుండా చేయండి. "ఫలానా జిప్ కోడ్‌లో మీ సరుకు ఏ షాపులకు వెళ్ళింది?" అని అడగండి. అన్నిసార్లూ చెప్పరు. మీ షాపు పేరు మీరే చెప్పి "అక్కడికి పంపారా?" అని అడిగితే అవుననో కాదనో చెప్పే అవకాశం ఎక్కువ.

గిన్నెల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2025 ఆగస్టులో టైగర్ వైట్ అనే బ్రాండు అల్యూమినియం పాత్రల నుంచి ఆహారంలోకి సీసం దిగుతోందని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ ప్రకటనలో ఉన్నది న్యూయార్క్ క్వీన్స్‌లోని ఒక్క షాపు పేరు. ఆ తర్వాత ఆ జాబితాలో ఇతర పాత్రలు, ఇతర అమ్మకందారులు చేరుతూ వచ్చారు. హిండాలియం, ఇండాలియం అని మనం పిలిచే మిశ్రమ లోహపు మూకుళ్ళు కూడా ఈ హెచ్చరిక పరిధిలో ఉన్నాయి. అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన మూకుడు ఏ షాపు జాబితాలోనూ రాదు. దానికి రసీదు లేదు, లాట్ నంబరు లేదు. అలాంటి పాత్ర ఇంట్లో ఉండి, చిన్నపిల్లలో గర్భిణులో దాంట్లో వండింది తింటుంటే వాడకం ఆపేయండి. డాక్టరును అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.

మన షాపు యజమానిని ఎలా అడగాలి

ఇండియన్ గ్రాసరీ దుకాణాలు చాలావరకు చిన్నవి. రీకాల్ పేజీలు వాటికి ఉండవు. కొన్నిచోట్ల బస్తాల్లో తెచ్చిన సరుకును వెనక గదిలో చిన్న కవర్లలో కట్టి, ధర చీటీ మాత్రమే అంటించి అమ్ముతారు. ఆ కవరు మీద లాట్ నంబరు ఉండదు. కాబట్టి మనిషిని అడగాల్సిందే.

ఒకసారి ఒక మసాలా పొడి విషయంలో నేను మేం వెళ్ళే షాపుకు ఫోను చేశాను. "రీకాల్ సరుకు మీ దగ్గర ఉందా?" అని అడిగితే "మా దగ్గర అలాంటివేం ఉండవమ్మా" అని పెట్టేశారు. తప్పు నా ప్రశ్నదే. అలా అడిగితే ఎవరికైనా నింద వేసినట్టే వినిపిస్తుంది. మర్నాడు నేనే వెళ్ళాను. రద్దీ లేని మధ్యాహ్నం పూట ప్రకటన ప్రింటు తీసుకెళ్ళి, "అన్నయ్య గారూ, ఈ లాట్ నంబరు మీకు వచ్చిన సరుకులో ఉందేమో ఒక్కసారి ఇన్వాయిస్ చూస్తారా? నేను గత నెల మీ దగ్గరే కొన్నాను" అన్నాను. ఆయన గల్లాపెట్టె కింది నుంచి లావుపాటి ఫైలు తీశారు. పసుపు మరకలు పడిన కాగితాలు తిప్పుతూ టోకు వ్యాపారి బిల్లు దగ్గర ఆగారు. బిల్లులో బ్రాండు ఉంది, తేదీ ఉంది, లాట్ నంబరు లేదు. అప్పుడు ఆయనే లేచి వెనక గదిలోకి వెళ్ళి, ఇంకా విప్పని అట్టపెట్టె మీది నంబరు చదివి వినిపించారు. ప్రకటనలో ఉన్న నంబరే. అరలో మిగిలిన ప్యాకెట్లు నా ముందే తీసి పెట్టెలో వేశారు. "మాకు ఎవరూ ఫోను చేయలేదమ్మా" అన్నారు. అబద్ధమనిపించలేదు.

కాబట్టి మీరు అడగాల్సినవి ఇవి: ఈ బ్రాండు ఏ నెలల్లో తెచ్చారు, ఎవరి దగ్గర తెచ్చారు, పెట్టె మీది లాట్ నంబరు ఏమిటి. టోకు వ్యాపారి పేరు తెలిస్తే చాలు, అదే వ్యాపారి దగ్గర కొనే చుట్టుపక్కల షాపులన్నింటికీ దారి దొరికినట్టే. ప్రింటు కాగితం ఆయన దగ్గరే వదిలి రండి.

మీ కొనుగోళ్ళ చరిత్ర

షాపు ఏదో మీకే గుర్తులేకపోతే రికార్డులు చూడండి. కాస్ట్‌కో సభ్యత్వ కార్డు ఆధారంగా, రీకాల్ అయిన సరుకు కొన్నవాళ్ళకు తానే కబురు పంపుతుంది. అందుకే అక్కడ మీ ఫోను నంబరు, చిరునామా పాతవి ఉంటే ఇవాళే మార్చండి. అమెజాన్ ఖాతాలో రీకాళ్ళకు, భద్రతా హెచ్చరికలకు విడిగా ఒక పేజీ ఉంది. బ్యాంకు కార్డు స్టేట్‌మెంటులో సరుకు పేరు ఉండదు, షాపు, తేదీ ఉంటాయి. ఆ తేదీని రీకాల్‌లోని తేదీలతో పోల్చండి.

పాత సామాను

గరాజ్ సేల్‌లో కొన్నవి, స్నేహితుల పిల్లలు వాడి ఇచ్చినవి ఏ జాబితాకూ అందవు. ఫిషర్‌ప్రైస్ రాక్ ఎన్ ప్లే ఉయ్యాలలు సుమారు 47 లక్షలు 2019 ఏప్రిల్‌లో రీకాల్ అయ్యాయి. 2023 జనవరిలో సీపీఎస్‌సీ మళ్ళీ అదే రీకాల్‌ను ప్రకటించాల్సి వచ్చింది. ఎందుకంటే మొదటి రీకాల్ తర్వాత కూడా కనీసం 8 మంది పసివాళ్ళు ఆ ఉయ్యాలల్లో చనిపోయారు. పురుడు పోయడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు ఇవి తెలియవు. ఎవరో ఆప్యాయంగా ఇచ్చిన ఉయ్యాలలో మనవణ్ణి పడుకోబెడుతుంది. పిల్లల సామాను ఏది ఇంటికి వచ్చినా మోడల్ నంబరు సీపీఎస్‌సీ సైటులో కొట్టి చూశాకే వాడండి. మీరు ఎవరికైనా ఇచ్చేటప్పుడూ అంతే. రీకాల్ అయిన వస్తువును అమ్మడం వినియోగ వస్తువుల భద్రతపై వచ్చిన 2008 చట్టం ప్రకారం చట్టవిరుద్ధం కూడా.

అరలో ఇంకా కనిపిస్తే

షాపు తెలిసింది, వెళ్ళి చూస్తే సరుకు ఇంకా అరలోనే ఉంది. ఇది అరుదేమీ కాదు. సీసం ఉందని 2023 అక్టోబరులో రీకాల్ చేసిన వానాబానా ఆపిల్, దాల్చినచెక్క గుజ్జు ప్యాకెట్లు డాలర్ ట్రీ దుకాణాల్లో డిసెంబరు వరకు ఉన్నాయని 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ ఆ సంస్థకు హెచ్చరిక లేఖ పంపింది. పసిపిల్లలు తినే ప్యాకెట్లవి.

మీకూ అలా కనిపిస్తే అర, ధర చీటీ, లాట్ నంబరు కనిపించేలా మూడు ఫొటోలు తీయండి. మేనేజరుకు చూపించి అక్కడికక్కడే తీయించమనండి. మాంసం కాని తిండి సరుకైతే ఎఫ్‌డీఏకు ఫిర్యాదు చేయండి, ఎలా చేయాలో వాళ్ళ సైటులో ఉంటుంది. ఇంటి వస్తువైతే సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్‌లో రాయండి. షాపు పేరు, వీధి, తేదీ, మీరు చూసిన సమయం రాయండి. ఆ తర్వాత మీ ఊరి గుంపులో కూడా పెట్టండి, పట్టిక సగానికి తెగకుండా పూర్తిగా ఉన్న ఫొటోతో.